డీప్ బ్లూ ఆరో ఆట: తప్పంతా ఏడో ఎత్తులోనే

చెన్నైలో పిల్లల్ని చెస్ క్లాసులకి పంపుతున్న మన తెలుగువాళ్లకి ఒక మాట. ఐబీఎం చెస్ కంప్యూటర్ డీప్ బ్లూకీ, అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌కీ జరిగిన పోటీలో ఆరోదైన 1997 మే 11 నాటి ఆటని ఫోన్లో కాదు, బోర్డు మీద వేయించండి.

కారో-కాన్ అనే ఓపెనింగ్‌లో (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరసలో) నల్లపావులతో కాస్పరోవ్ ఏడో ఎత్తుగా హెచ్6 గడికి బంటు నడిపాడు. ముందు బిషప్‌ని డీ6కి తేవాల్సింది, వరస తప్పింది. వెంటనే డీప్ బ్లూ ఈ6 మీద గుర్రాన్ని బలిచ్చింది. అది అప్పటికప్పుడు లెక్కగట్టిన ఎత్తు కాదు, ఓపెనింగ్ బుక్‌లో, అంటే కంప్యూటర్‌కి ఎక్కించిన మొదటి ఎత్తుల జాబితాలో, ముందే ఉన్నది. పదో ఎత్తులో బిషప్ జీ6 నుంచి చెక్ చెప్పగానే రాజు డీ8కి జరిగాడు. కాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపి రాజుని భద్రంగా ఉంచడం) పోయింది. పైగా ఈ7లో ఉన్న మంత్రి సొంత బిషప్‌కే దారి మూసేశాడు, చూడండి! 19 ఎత్తులకే కాస్పరోవ్ ఓడిపోయాడు.

పదో ఎత్తు దగ్గర ఆపి, పది నిమిషాలు ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం) లేకుండా నల్లవైపు ఆలోచించనివ్వండి. ఎవరిది పైచేయో ఇంజిన్ చూపే అంకె ముందే చూస్తే ఆ ఇరుకు పిల్లల కంటికి ఆనదు.