ఒక్కరి చప్పట్లకు వెలగని పూలు

డల్లాస్‌లో ఆదివారం పొద్దున నేను చాయ్ తాగే వేళకు హనుమకొండలో మా అమ్మ రాత్రి అన్నం తిని కూర్చుంటుంది. మా ఫోన్ ముచ్చట అప్పుడే. రెండేళ్ళ పాటు ఆ ముచ్చటలో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది.

"బిడ్డ ఏం జదువుతున్నదిరా?"

"కంప్యూటర్, అమ్మా."

"కంప్యూటర్ల ఏంది? పక్కింటామె అడిగితె నాకు జెప్ప రాలే."

"కంప్యూటరే అమ్మా. సిగ్నల్ సక్కగ లేదు, మళ్ళ చేస్త."

సిగ్నల్ బాగానే ఉండేది. మా పెద్దబిడ్డ చదివేది ఇంటరాక్టివ్ అండ్ డిజిటల్ మీడియా ఆర్ట్, అంటే చూసేవాళ్ళకు బదులిచ్చే కళను కంప్యూటర్‌తో చేయడం. ఆ పేరు తెలుగులోకి తెద్దామని చూస్తే నోరు తిరగలేదు. తిరిగినా చెప్పేవాణ్ణి కాదేమో. నేను పెరిగిన కుమార్‌పల్లిలో పిల్లలు రెండే రకాలు: ఎంసెట్ ర్యాంకు వచ్చినోళ్ళు, రానోళ్ళు. బొమ్మలు అద్భుతంగా గీసే దోస్తు ఒకడుండేవాడు. ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణం నడుపుతున్నాడు, సొంత ఇల్లు కట్టుకున్నాడు. అయినా మా బ్యాచ్ లెక్కలో వాడు రానోడే. ఆ లెక్క నేను విమానంలో నాతోపాటే తెచ్చుకున్నాను.

చదువు మొదలయ్యాక నాకు అర్థమైన మొదటి సంగతి, నేను చెప్పింది పూర్తి అబద్ధం కాదని. మొదటి ఏడు ఒక పూట బొగ్గుతో మనుషుల బొమ్మలు గీయించేవారు, ఇంకో పూట ప్రోగ్రాములు రాయించేవారు. ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2001లో ఎంఐటీలో కేసీ రీస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు మొదలుపెట్టారు, కోడ్ రాని కళాకారులు కూడా కోడ్‌తో బొమ్మ గీయగలగాలని. అందులో సెటప్ అనే ముక్క ఒక్కసారే నడుస్తుంది. డ్రా అనే ముక్క సెకనుకు 60 సార్లు నడుస్తూనే ఉంటుంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇరవై ఏళ్ళుగా ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టడమే పని. అయినా కోడ్ రాసి ఒక తంగేడు రెక్కను గాలికి ఊగించవచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

రెండో ఏడు ఇల్లంతా వైర్లు. ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు, సెన్సర్లు, టంకం పొగ. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో పుట్టింది, దాని పేరు ఆ ఊరి బారు పేరేనట. మనవాళ్ళు చేసి ఉంటే కల్లు దుకాణం పేరు పెట్టేవాళ్ళా అని నవ్వితే మా బిడ్డ నవ్వలేదు. మైరన్ క్రూగర్ అనే ఆయన గురించి మాత్రం గంట సేపు చెప్పింది. 1970ల్లోనే ఆయన వీడియోప్లేస్ అని ఒకటి కట్టాడు. మనిషి కళ్ళకేమీ పెట్టుకోనక్కర్లేదు, చేతులకేమీ తొడుక్కోనక్కర్లేదు. కెమెరా మనిషి ఆకారాన్ని పట్టి తెర మీద వేస్తుంది, మనిషి కదిలినట్టల్లా తెర మీది బొమ్మలు బదులిస్తాయి. "చూసేవాళ్ళు లేకపోతే ఆ కళ సగమే, డాడీ" అంది. అప్పుడు ఊఁ కొట్టాను కానీ ఆ మాట తర్వాత మా అమ్మ నోటి నుంచి వేరే తీరుగా వినాల్సి వచ్చింది.

ఇక్కడ వీసా సంగతి చెప్పకపోతే కథ సగం తెలియదు. మా బిడ్డ హనుమకొండలో పుట్టింది. నాలుగేళ్ళప్పుడు మాతో వచ్చింది. మా గ్రీన్‌కార్డు ఇంకా లైన్‌లోనే ఉంది. పిల్లలకు 21 నిండితే, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద వచ్చే హెచ్‌-4 పోతుంది, మళ్ళీ విద్యార్థిగా ఎఫ్‌-1 తీసుకోవాలి. హెచ్‌-4 మీద ఉన్నన్నాళ్ళూ జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు, కాలేజీ లైబ్రరీలో గంటకింతని పుస్తకాలు సర్దకూడదు, ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయమూ రాదు. ఇక్కడే పుట్టిన తోటి పిల్లలకు ఇవేవీ తెలియవు. రెండు సంస్కృతుల మధ్య పెంపకం అని అందరూ భాష గురించి, పండుగల గురించి, డేటింగ్ గురించి మాట్లాడతారు. మా ఇంట్లో ఆ 'మధ్య' అంటే ఎక్కువగా ఫారాలే.

చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద 12 నెలలు పని చేయవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. ఉన్నదీ లేనిదీ కోర్సుకిచ్చిన ఆరంకెల కోడ్‌ను బట్టి తేలుతుంది. ఇంచుమించు అవే పాఠాలు చెప్పే రెండు కాలేజీల్లో ఒకదాని కోడ్ జాబితాలో ఉంటుంది, ఇంకోదానిది ఉండదు. పెళ్ళి సంబంధానికి జాతకం చూసినట్టు నేను ఆ కోడ్‌లు ముందేసుకొని కూర్చునేవాణ్ణి. మా బిడ్డ దాన్ని వేళాకోళం చేసేది. మా బిడ్డ కాలేజీ కోడ్ జాబితాలో ఉన్నందుకే నేను ఈ చదువుకు ఒప్పుకున్నానని ఆమెకు తెలుసు. ఆ సంగతి నేను బాహాటంగా ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

మూడో ఏడు చేసిన ప్రాజెక్టు బతుకమ్మ. నేల మీద ప్రొజెక్టరుతో వలయంగా పూలు. చప్పట్లు కొడితే మైకు పట్టుకుంటుంది, ఒక పువ్వు విచ్చుకుంటుంది. క్లాసు వాళ్ళు వచ్చారు, కొట్టారు, పువ్వు వెలిగింది, నవ్వారు, పోయారు. తలా అర నిమిషం. వాళ్ళ దగ్గర క్రిటీక్ అని ఒకటుంటుంది, చేసిన పనిని అందరి ముందూ పెట్టి విప్పి చూస్తారు. అందులో టీచర్ ఒక్కటే అడిగిందట: "ఇది బతుకమ్మే ఎందుకు కావాలి? ఏ చప్పట్లైనా ఇంతే కదా?"

ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. నేను వెంటనే ప్రకృతి, పూల పండుగ, ఆడబిడ్డల పండుగ అని మొదలుపెట్టాను. "డాడీ, అది డల్లాస్‌లో స్టేజీ మీద చెప్పే స్పీచ్" అని ఫోన్ పెట్టేసింది. నిజమే. ఆమె ఎరిగిన బతుకమ్మ ఏసీ హాల్లో, డీజే పాటకు, పార్కింగ్ వెతుక్కొని ఆడింది.

అందుకని బతుకమ్మకు హనుమకొండ వెళ్తానంది. సెమిస్టర్ మధ్యలో వద్దన్నాను. కానీ ఎఫ్‌-1 స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర, ఎలాగూ వేయించుకోవాలి, హైదరాబాద్‌లో తేదీ ఆ వారంలోనే దొరికింది. స్టాంపు పేరు చెప్పి బయలుదేరాం. నానక్‌రాంగూడ కాన్సులేట్ బయట నేను నిలబడ్డ రెండు గంటల గురించి రాయను. గ్రీన్‌కార్డుకు పెట్టుకున్న కుటుంబపు పిల్ల, చదువయ్యాక తిరిగి వెళ్తానని నమ్మించాలి. ఆ భయం పడినవాళ్ళకే తెలుస్తుంది. బయటికొచ్చి "ఏం చదువుతున్నావో చెప్పమన్నారు, చెప్పిన, అర్థమైంది వాళ్ళకు" అంది. నాకు కొంచెం సిగ్గేసింది.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాటికి హనుమకొండ చేరాం. వెయ్యి స్తంభాల గుడి దగ్గర ప్రొజెక్టర్ పెట్టాలని ఆమె కోరిక. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా అక్కడ లైట్లు వేయరాదని సర్దిచెప్పాను. మా అమ్మ కారణం వేరు: "ఆడికి పోతె నిలవడ జాగుండదు. మన వాడల్నే ఆడుదాం."

పువ్వు తెచ్చుడు మా ఇంట్లో మగవాళ్ళ పని. చిన్నప్పుడు చెల్కల పొంటి తిరిగి గునుగు, తంగేడు కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు చౌరస్తాలో కట్టల లెక్కన కొన్నాను. మా బిడ్డ తాంబాళం ముందు కూర్చొని గునుగు కొసలు సమంగా కోసి రంగులో ముంచింది. నాలుగో వరుసకు చేయి కుదిరింది. నడుమ ఖాళీలో ఆకులూ కాడలూ కూరాలని తెలియక మొదటిది కూలిపోయింది. మా అమ్మ ఏమీ అనలేదు, తీసి పక్కకు పెట్టి మళ్ళీ పేర్చమంది.

సాయంత్రం హనుమాన్ గుడి ముందు మట్టి నేల మీద ఎనిమిది పీజో సెన్సర్లు టేపుతో అతికించింది. అడుగుల అదురు పట్టుకుంటాయని ఆశ. మట్టి అదురును మింగేసింది. మైకు పెడితే పక్క వాడ డీజే తప్ప ఏదీ వినబడలేదు. ప్రొజెక్టర్ వెలిగించగానే పిల్లలందరూ వెలుగు మీదికి దూకి చప్పట్లు మొదలుపెట్టారు. వాళ్ళను చూస్తూ ఆడవాళ్ళు ఆగారు. వలయం రెండు ముక్కలైంది. ఒక ముసలామె కోపం లేకుండానే చెప్పింది: "గా లైటు బందువెట్టు బిడ్డా, అడుగు దప్పుతున్నది."

బంద్ పెట్టింది. కాసేపు నా పక్కన, గోడ పట్టుకొని నిలబడ్డ మగవాళ్ళ వరుసలో నిలబడింది. అది మా అమ్మ చూసింది. "ఆడ నిలవడి ఏం జూస్తున్నవే? ఇందుల సూసేటోళ్ళుండరు, ఆడేటోళ్ళే."

వలయంలోకి ఎలా పోవాలో తెలియక తికమకపడింది. ఎవరూ జరగమనలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. ఇద్దరు నడుమ కాస్త ఎడమిచ్చారు, అంతే. మా అమ్మ పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు ఉయ్యాలో అని అందుకునేవారు. ఆ ఒక్క మాట పట్టుకొని గంటన్నర ఆడింది. రాత్రి సత్తు పిండి తింటూ నోటుబుక్కులో రాసుకున్నది చూపించింది. ఒక్కరు కొట్టే చప్పట్లు ఇందులో లేవు. ఎవరు వచ్చినా పోయినా ఆట మళ్ళీ మొదటికి రాదు. పూలు నడుమ ఉంటాయి కానీ అవేమీ చేయవు. తన ప్రాజెక్టు ఒక్క మనిషికి బదులిచ్చే యంత్రమని, బతుకమ్మలో బదులిచ్చేది పక్క మనిషని అంది. క్రూగర్ సంగతి కూడా ఎత్తింది, అక్కడ తెర బదులిస్తుందని. నేను టెస్టర్‌ను, సిద్ధాంతాలు నాకు రావు. కానీ టీచర్ ప్రశ్నకు జవాబు అదేనని మాత్రం తెలిసింది.

ఆరో రోజు పొద్దున్నే మైకులు సర్దుకొని తయారైతే మా అమ్మ ఆపింది. ఆ రోజు అలిగిన బతుకమ్మ. ఎప్పుడో పేర్చేటప్పుడు మాంసం తగిలిందట, బతుకమ్మ అలిగిందట, అందుకని ఆ రోజు పేర్చరు, ఆడరు. "పండుగ నడుమ రోజు సెలవా?" అని మా బిడ్డ ఆశ్చర్యపోయింది. తొమ్మిది రోజుల ప్రోగ్రాంలో ఒక రోజు ఏమీ జరగకపోవడమే ప్రోగ్రాం. నేను చిన్నప్పటి నుంచి ఎరిగిన సంగతే, ఎన్నడూ వింతగా తోచలేదు.

చివరి ఏడు ప్రాజెక్టును మొదటి నుంచి తిరగరాసింది. వలయంగా ఎనిమిది మైకులు వేలాడదీసింది. కనీసం ఐదు మైకులకు 150 మిల్లీసెకన్లలోపు చప్పట్లు వినబడితేనే పూలు కదులుతాయి, అదీ మెల్లగా. ఒకరి చప్పట్లు పక్క మైకులో పడకుండా నాలుగు వారాంతాలు ఇద్దరం గ్యారేజీలో తంటాలుపడ్డాం. అలవాటు చొప్పున నేను తప్పుల పట్టిక రాసి ఇచ్చాను. మొదటిది: ఒక్కరు చప్పట్లు కొడితే స్పందన లేదు, తీవ్రత ఎక్కువ. "అది బగ్ కాదు డాడీ, అట్లనే రాసిన" అంది. పక్కన ఒక బోర్డు పెట్టి ఎలా ఆడాలో రాద్దామన్నాను. వద్దంది.

ప్రదర్శన తొమ్మిది రోజులు. మొదటి రోజు చాలామంది ఒంటరిగా కొట్టి చూసి, చెడిపోయిందనుకొని వెళ్ళిపోయారు. నాకు లోపల ఒకటే గుంజాటన. మూడో రోజు ఒక క్లాసు మొత్తం ఒక్కసారి వచ్చింది, అరగంట దాకా కదల్లేదు. టీచర్ మంచి గ్రేడే ఇచ్చింది కానీ చీకట్లో జనం బయటికి దారి తప్పుతున్నారని కూడా రాసింది. అదీ నిజమే.

ఆరో రోజు గ్యాలరీ వాళ్ళు ఫోన్ చేశారు, ఎంతమంది కొట్టినా లైటు రావడం లేదని. నేను కంగారుపడి మా బిడ్డకు చేస్తే తీరిగ్గా చెప్పింది, ఆ రోజుకు వెలగకుండా తానే రాసిందని. వాళ్ళకేం జవాబివ్వాలో మాత్రం ఇంకా ఆలోచించలేదట. అది శనివారం రాత్రి. తెల్లారి అమ్మకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను, ఈసారి చదువు పేరుతో సహా. అమ్మ పడీపడీ నవ్వింది.

"అలిగిందని జెప్పుమను."