మబ్బు తప్పించుకుని పోతేనే ఉత్తర కాంతులు

హనుమకొండలో ధ్రువనక్షత్రం దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలిస్తే రెండు పిడికిళ్లు కూడా నిండవు. నార్వేలోని ట్రోమ్సోలో అదే చుక్క ఏడు పిడికిళ్ల ఎత్తున, దాదాపు నెత్తిమీద ఉంటుంది. ఉత్తర ధ్రువం దగ్గర రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులే ఉత్తర కాంతులు (అరోరా). వాటి వలయం చాలా రాత్రులు ఆ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి మార్చిలో ఐదు రాత్రులకు అక్కడికి వెళ్లాం. నార్వేకు కావలసిన షెంజెన్ వీసాకు 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

అందరూ కేపీ అంకె ఎంత అని అడుగుతారు. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే, 0 నుంచి 9 దాకా ఉండే ఆ అంకెతో దక్షిణాన ఉన్నవాళ్లకే ఎక్కువ పని. 2024 మే 10 రాత్రి అది 9కి చేరింది కాబట్టే లద్దాఖ్‌లోని హన్లేలో కెమెరాలకు ఎర్ర వెలుగు చిక్కింది. ట్రోమ్సోలో 2 ఉన్నా చాలు. అక్కడ పని చెడగొట్టేది సముద్రం మీంచి వచ్చే మబ్బు. మా మొదటి రెండు రాత్రులూ దాని పాలే.

మూడో రోజు వాతావరణ సైట్‌లో గంట గంటకూ మబ్బు పటం చూసి, వంద కిలోమీటర్లు దాటి లోపలికి, స్కిబోట్న్ అనే ఊరి వైపు పోయాం. తడి గాలిని కొండలు ముందే ఆపేస్తాయి కాబట్టి అక్కడ ఆకాశం పొడిగా ఉంటుంది. పడమటి కనుమల వెనక దక్కన్‌లో వాన తగ్గేది ఇందుకే కదా. మంచురోడ్డు మీద నడిపిన అలవాటు మనకెవరికీ ఉండదు, గైడు వ్యాన్‌లో పోవడమే మేలు.

చలి మైనస్ 14. మన దగ్గర పుష్యమాసానికి కొన్న స్వెట్టరు ఇక్కడ రెండో పొరకు పనికొస్తుంది, అంతే. ఒంటికి ఆనుకునేది ఊలుది కావాలి, నూలు బనీను వద్దు: చెమట పీల్చి ఆరదు, కదలకుండా నిలబడగానే వణికిస్తుంది. పైపొర గాలి దూరనిది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు తొడిగితే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. సకినాలు మాత్రం ఆ చలికి ఏమీ కాలేదు.

మొదట కనిపించేది పచ్చ రంగు కాదు. ఉత్తరాన పలచని బూడిదరంగు పట్టీ, అచ్చం మబ్బులాగే. అనుమానమొస్తే ఒక ఫొటో తీయండి, పచ్చగా వస్తే అదే. మసక వెలుతురులో మన కళ్లకు రంగు తెలియదు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ చూసినా మళ్లీ మొదటికే. ఆ పట్టీ గంటసేపు కదలకుండా ఉండి ఉన్నట్టుండి చీలింది. నారుమడి పచ్చ నెత్తిమీదకు పాకి, కింది అంచున గులాబీ రంగు పరుగెత్తింది. పచ్చ ఆక్సిజన్‌ది, నూరు కిలోమీటర్ల పైన. అంచున గులాబీ నైట్రోజన్‌ది. ఆ ఉధృతి పది నిమిషాలు కూడా నిలవలేదు, కాబట్టి చలికని వ్యాన్‌లో కూచుంటే పోయినట్టే.

కెమెరాకు స్టాండు ఉండాలి. లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, వెలుతురు పట్టే శక్తి ఐఎస్ఓ 1600, షట్టర్ తెరిచి ఉండే సమయం 8 సెకన్లతో మొదలుపెట్టి, కాంతులు వేగంగా కదిలేటప్పుడు 2, 3 సెకన్లకు తగ్గించాలి, లేకపోతే మడతలన్నీ కలిసి పచ్చ పులుముడు అవుతుంది. ఫోకస్ ఆటోలో వదలొద్దు, లెన్స్ మీది అనంతం గుర్తునూ నమ్మొద్దు. తెరమీద ఒక చుక్కను పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా తిప్పాలి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. గదిలోకి రాకముందే, బయటి చలిలోనే, తేమ పట్టకుండా కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, వేడెక్కేదాకా రెండు గంటలు ముట్టుకోవద్దు. ఫొటోలు చూడాలనే ఆత్రం ఉంటే కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి.