బల్ల నాదేనట, కాళ్లు మాత్రం వేరేవాళ్లవట!

ఒక ఆఫీసు తుక్కు వేలంలో పాడుకున్న పాత డ్రాయింగు బల్ల మొన్న ఆదివారం ఇంటికొచ్చింది. చేతులకు అవిసె నూనె వాసన ఇంకా పోలేదు, ఆ ఆఫీసు మీద కోపమూ పోలేదు. చల్లారకముందే రాసేస్తున్నా.

పాత ఫ్యాక్టరీ సామాను పిచ్చి నాకు రైలు ప్లాట్‌ఫాంల మీద పట్టుకుంది. పాత షెడ్లకు కొన్నిచోట్ల అరిగిన పట్టాలనే స్తంభాలుగా నిలబెట్టి ఉంటారు. ఆ పట్టా నడుము మీద చెయ్యి పెడితే తయారుచేసిన కంపెనీ పేరు, ఏడాది ఉబ్బెత్తు అక్షరాల్లో వేళ్లకు తగులుతాయి. ఎన్ని పూతల రంగేసినా ఆ అక్షరాలు చావవు. బెజవాడ బాపు మ్యూజియానికి, అంటే 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన పాత విక్టోరియా జూబిలీ హాలుకి, అందరూ జెండా కథ కోసం వెళ్తే నేను తలుపులు చూడ్డానికి వెళ్లొచ్చా. మావారు బయట చెరుకు రసం తాగుతూ కూర్చున్నారు, పాపం.

ఇంట్లో బొమ్మలు గీసుకోడానికి ఒక బల్ల కావాలి, షాపుల్లో అమ్మే ‘ఇండస్ట్రియల్ స్టైల్’ మాత్రం వద్దనుకున్నా. ఇప్పుడు ప్రతి కాఫీ షాపులో కనబడే ఆ రేకు కుర్చీ ఉంది కదా, దాని అసలు రూపం 1934లో ఫ్రాన్స్‌లో గ్జేవియర్ పోషార్ అనే రేకుల పనివాడు చేసింది. తుప్పు పట్టకుండా రేకుని కరిగిన జింకులో ముంచడం ఆయన విద్య. ఇక్కడ దొరికేది దాని నకలుకి నకలు, రెండు వానలకే కాళ్ల దగ్గర ఎర్రబడుతుంది.

చండీగఢ్ కథ చదివాక అసలు దారి తెలిసింది. అక్కడి ఆఫీసుల కోసం 1950లలో పియర్ జన్నరే అనే ఆర్కిటెక్ట్ గీసిన టేకు కుర్చీల్ని ఆఫీసులవాళ్లే తుక్కు కింద వేలం వేసేస్తే, అవే విదేశాల్లో లక్షలు పలికాయి. చివరికి 2011లో కేంద్ర హోం శాఖ వాటిని కాపాడమని చెప్పాల్సి వచ్చింది. మన దగ్గరా తుక్కు వేలాలు జరుగుతాయిగా!

బెజవాడలో ఒక ఆఫీసులో (పేరెందుకులెండి) కండెమ్డ్ సామాను, అంటే పనికిరాదని తీసేసిన సామాను, వేలమని తెలిసింది. ధరావత్తు (ముందస్తు డిపాజిట్) కట్టడం, ముందురోజు వెళ్లి సామాను చూడ్డం సులువుగానే అయ్యాయి. విరిగిన బీరువాల వెనక కనబడింది నా బల్ల. ఆరడుగుల టేకు పలక, వాల్చుకోడానికి పళ్ల చక్రం, పోత ఇనుప కాళ్లు. ఒక కాలి మీద తెల్లరంగుతో ఏదో నంబరు. చూడగానే మనసు పారేసుకున్నా.

పాట రోజు తుక్కు వ్యాపారులు పక్కకి పిలిచి, "మీరు పాడకండి మేడం, మీకు కావాల్సింది తర్వాత మేమిస్తాంగా" అన్నారు. వినలేదు. కావాలని నన్ను 18,500 దాకా లాక్కెళ్లి, అక్కడ వదిలేసి నవ్వుకున్నారు. పైన జీఎస్టీ. అయినా ‘కర్ర సామాను, ఒక లాటు’, అంటే ఆ బల్లా నాలుగు పాత కేను కుర్చీలూ కలిపి, నాదే అయింది.

ఏడు రోజుల్లో ఎత్తుకెళ్లకపోతే ధరావత్తు పోతుంది. మూడో రోజు గుంటూరు నుంచి టాటా ఏస్ మాట్లాడుకుని వెళ్తే గేటు పాసు రాసే గుమాస్తా అన్నాడు కదా: "మీది కర్ర లాటమ్మా. ఈ కాళ్లు ఇనుము. ఇనుము లాటు వేరేవాళ్లు పాడుకున్నారు. పలక ఊడదీసుకుని పోండి."

ముందు జోకనుకున్నా. కాదు. ఇనుము లాటు పాడుకున్నాయన అక్కడే ఉన్నాడు. కాళ్లు కావాలంటే ఆరు వేలు ఇమ్మన్నాడు. కాటా వేద్దాం, తుక్కు రేటుకి ఇస్తానంటే, "ఇది తుక్కు కాదమ్మా, యాంటిక్" అన్నాడు! వేలంలో తుక్కు, నా దగ్గరికొచ్చేసరికి యాంటిక్.

మూడు రోజులు తిరిగా. "మీవారిని పంపండమ్మా, మాట్లాడదాం" అన్నారొకసారి. "తుక్కు కోసం ఇంత రభసేంటి, మీ ఇంట్లో బల్లల్లేవా" అని హాలంతా వినబడేలా అన్నారు ఇంకోసారి. నేను గంటన్నర నిలబడే ఉన్నా. ఆ ఇనుము ఆసామికి మాత్రం కుర్చీ వేశారు. ఏ కుర్చీ అనుకున్నారు? నా లాటులోది! చేతి కోడు విరిగిన కేను కుర్చీ, ఫొటో కూడా ఉంది నా దగ్గర. డబ్బు కట్టిన నేను నిలబడి, నా కుర్చీలో వాడు కూర్చుని నాకే రేటు చెబుతుంటే ఏడుపొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద నిజంగానే ఏడ్చా.

అక్కడ పెద్దాయన, అటెండరు, మంచినీళ్లిచ్చి, "కాలి మీద నంబరుంది కదమ్మా, స్టాకు రిజిస్టరు తియ్యమను" అన్నాడు. ఒక్క మాట! రిజిస్టర్లో ఆ నంబరు ఎదుట ‘డ్రాయింగు బల్ల, టేకు, పోత ఇనుప కాళ్లతో, 1’ అని ముచ్చటైన చేతిరాత. పై అధికారి చదివి తలెత్తకుండానే సంతకం పెట్టారు. గుమాస్తా గారికి ఆ రిజిస్టరు బీరువా పైనుంచి దించడం బద్ధకం, అంతే.

కాబట్టి మీరు వెళ్తే పాటకి ముందే నంబర్లు ఫొటో తీసుకోండి. లిస్టులో ‘కర్ర’, ‘ఇనుము’ అనే మాటల్ని నమ్మకండి.

మిగతాది హాయిగా సాగింది. ఒక కాలు బీటిచ్చింది. మామూలు వెల్డింగు పెడితే పోత ఇనుము పక్కనే మళ్లీ చిట్లుతుంది కాబట్టి, ఆటోనగర్లో ఒక మేస్త్రి నిదానంగా వేడిచేసి ఇత్తడితో అతికాడు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడిచేసే పూత) వేస్తానంటే వద్దని చేతులెత్తి దణ్ణం పెట్టా. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి. నంబరు మాత్రం చెరపలేదు.

లాటులో వచ్చిన నాలుగు కేను కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి, ఆ ఆసామి కూర్చున్నదాంతో సహా. గుంటూరులో గానీ బెజవాడలో గానీ కేను అల్లే మనిషి తెలిస్తే చెప్పండి. ప్లాస్టిక్ వైరు అల్లేవాళ్లు వద్దు.