పిన్‌బాల్ గేమ్‌లో ల్యాగ్ వదిలించుకున్నాను: నా అనుభవం

ఇవాళ్టికి నా ఫ్లిప్పర్లు, అంటే బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే రెక్కలు, నా వేళ్ల మాట వింటున్నాయి. వారాల తరబడి పడ్డ చిరాకు చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. ఇదే బాధ పడుతున్నవాళ్లకు దొరికే సలహాల్లో సగం దారి తప్పించేవే.

ముందుగా ఒకటి తెలుసుకోండి. ల్యాగ్, అంటే ఆట వెనకబడటం, రెండు రకాలు. బంతి ఆగి ఆగి కదలడం, ర్యాంప్ ఎక్కుతూ ఒక్క క్షణం బిగుసుకుపోవడం ఒక రకం. అది కంటికి కనిపిస్తుంది. బొమ్మ నున్నగా సాగుతూనే ఉన్నా, బటన్ నొక్కాక కాసేపటికి గానీ ఫ్లిప్పర్ లేవకపోవడం రెండో రకం. ఇది చేతికి మాత్రమే తెలుస్తుంది. రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. నన్ను ఏడిపించింది రెండోది.

మొదటి రకం సులువుగానే పోయింది. నా ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్నాయి. విండోస్ ఈ గేమ్‌ని చిన్న చిప్‌కి అప్పగించి కూర్చుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కి వెళ్లి, ఆ గేమ్‌ని ఎంచుకుని హై పెర్ఫార్మెన్స్ పెట్టాను. ఛార్జర్ తగిలించి ఆడాను, ఎందుకంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. తెర రిజల్యూషన్‌ని ఫోర్‌కే నుంచి 1080పీకి దించాను. ఫోర్‌కేలో గీయాల్సిన చుక్కలు సరిగ్గా నాలుగు రెట్లు ఎక్కువ. బంతి మీద పడే ప్రతిబింబాలు ఆపేశాను, వెనక నడిచే స్క్రీన్ రికార్డింగ్ ఆపేశాను. దాంతో సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మలు, స్థిరంగా వచ్చాయి. కొత్త టేబుల్ తెరిచిన మొదటి నిమిషంలో కొద్దిగా తడబడితే కంగారు పడకండి. బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ చిప్ వాడే చిన్న ప్రోగ్రాములు, అంటే షేడర్లు, అప్పుడే తయారవుతుంటాయి, రెండోసారికి ఆ తడబాటు ఉండదు.

ఇక అసలు కథ. ఫ్రేముల లెక్క 60 దగ్గర కదలకుండా నిలబడింది. బొమ్మలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా పెద్ద టీవీకి తగిలించి ఆడితే బంతి నా ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోతూనే ఉంది. నేను నిన్నమొన్న ఆట మొదలుపెట్టినవాడిని కాదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన స్పేస్ క్యాడెట్ రోజుల నుంచి ఆడుతున్నాను. బంతిని ఫ్లిప్పర్ మీద ఆపి నిలబెట్టడం, ఒక ఫ్లిప్పర్ నుంచి రెండోదానికి దాటించడం, టిల్ట్ (టేబుల్‌ని మరీ గట్టిగా కదిపితే పడే శిక్ష) పడకుండా టేబుల్‌ని తట్టడం నాకు బాగా వచ్చు. అలాంటిది, ఫ్లిప్పర్ కొసతో కొట్టాల్సిన షాట్ ఒక్కటీ తగలడం లేదు. ఎడమ ర్యాంప్‌కి గురిపెడితే బంతి వెళ్లి పక్క గోడకి కొట్టుకుంటోంది.

గేమ్ తయారు చేసినవాళ్ల సపోర్ట్‌కి వివరంగా రాశాను. ఫ్రేముల లెక్క బాగుంది, ఇన్‌పుట్ ఆలస్యంగా అందుతోంది అని మొదటి వాక్యంలోనే చెప్పాను. మొదటి జవాబు: "గ్రాఫిక్స్ తగ్గించి చూడండి." తగ్గించాను, తేడా లేదు. రెండో జవాబు: "డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి." వేశాను. మూడోది: "గేమ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి." అదీ చేశాను. దాంతో ఆ కంప్యూటర్లోనే దాచిన నా హై స్కోర్లన్నీ పోయాయి. ముందు వాటిని వేరే చోట కాపీ చేసుకోమని ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత మీ గ్రాఫిక్స్ కార్డు పాతది, కొత్తది కొనుక్కోండి అన్నారు. 60 ఫ్రేములు పడిపోకుండా వస్తుంటే కొత్త కార్డు ఎందుకు? అదే అడిగాను. చివరికి వచ్చిన జవాబు ఇప్పటికీ మంట పెడుతోంది: "మా వైపు సమస్య ఏమీ కనిపించలేదు. మీ టైమింగ్ మెరుగుపరచుకోవడానికి ప్రాక్టీస్ మోడ్ వాడండి." దాంతో నా ఫిర్యాదుని మూసేశారు.

సాయం అడిగినవాడి చేతగానితనమే కారణమని తేల్చేయడం కన్నా అవమానం ఇంకేముంటుంది? తెలియకపోతే తెలియదని చెప్పండి, నేనేమీ అనుకోను. రాసింది చదవకుండా సిద్ధంగా ఉన్న జవాబులు ఒకదాని తర్వాత ఒకటి అతికించడం మాత్రం పని కాదు. ఈ ఉద్యోగం చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒక్కటే: అవతలివాడు రాసిన మొదటి వాక్యం పూర్తిగా చదవండి.

మాటలతో లాభం లేదని కొలతకు దిగాను. నాకు దొరికిన ఉపాయాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదే. మీ ఫోన్ కెమెరాలో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే చాలు. వేలు, కీ, తెర మీది ఫ్లిప్పర్ మూడూ ఒకే షాట్‌లో పడేలా ఫోన్ నిలబెట్టండి. కీ నొక్కండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేము జరుపుతూ, కీ దిగిన ఫ్రేము నుంచి ఫ్లిప్పర్ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీసెకన్లు. ఒక్కసారితో సరిపెట్టకుండా కొన్నిసార్లు తీసి సగటు చూడండి.

ల్యాప్‌టాప్ సొంత తెర మీద 15 ఫ్రేములు వచ్చింది, అంటే 62 మిల్లీసెకన్ల దగ్గర. అదే గేమ్, అదే కీబోర్డు, టీవీ మీద 40 ఫ్రేములు. దాదాపు 167 మిల్లీసెకన్లు! ఆ అంకె చూసినప్పుడు కోపం కన్నా ఊరటే ఎక్కువ కలిగింది.

ఈ తేడా పిన్‌బాల్‌లో ఎంత పెద్దదో చూడండి. నిజమైన టేబుల్ మీద బంతి 27 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఉక్కు గోళీ, బరువు సుమారు 80 గ్రాములు. అది సెకనుకు రెండు మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్క ఫ్రేము గడిచేలోపే, అంటే 16.7 మిల్లీసెకన్లలో, మూడు సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. తన ఒళ్లంత దూరం కన్నా ఎక్కువే. టీవీ అదనంగా కలిపిన వంద మిల్లీసెకన్లలో 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఫ్లిప్పర్ పొడవే ఏడున్నర సెంటీమీటర్లు. వేరే ఆటల్లో ఈ ఆలస్యాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. ఇక్కడ ప్రతి షాట్ దిశా బంతి ఫ్లిప్పర్ మీద ఎక్కడుండగా కొట్టామన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్రాక్టీస్ మోడ్‌లో ఏం నేర్చుకోమంటారు? భవిష్యత్తు చూడటమా?

కారణం టీవీ. కదలికలు నున్నగా కనిపించాలని టీవీ రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేము కల్పించి చూపిస్తుంది. మధ్యది కల్పించాలంటే తర్వాతి ఫ్రేము చేతికొచ్చేదాకా ఆగాలి కదా. పైగా రంగులు దిద్దడం, అంచులు పదును పెట్టడం. సినిమాకి ఇవేవీ అడ్డం కాదు, బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా ఆపి పంపితే సరిపోతుంది. మన వేలిని మాత్రం ఆపి పంపడం దానికి కుదరదు.

మందు: టీవీ మెనూలో గేమ్ మోడ్. అది పెట్టగానే 40 ఫ్రేములు 20కి దిగాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకీ విడివిడిగా ఉంటుంది. కేబుల్ తీసి పక్క పోర్టుకి పెడితే పాత ఆలస్యం మళ్లీ వస్తుంది, అదీ మీకు తెలియకుండానే. పోర్టు మార్చిన ప్రతిసారీ గేమ్ మోడ్ ఉందో లేదో చూసుకోండి.

ఇంకా తగ్గించాలనిపించింది. గేమ్‌లో వీసింక్, అంటే ఫ్రేములను తెర వేగానికి జతచేసే సెట్టింగ్, పెట్టి ఉంది. అది ఉన్నప్పుడు గ్రాఫిక్స్ చిప్ కొన్ని ఫ్రేములు ముందే తయారుచేసి వరసలో నిలబెట్టే అవకాశం ఉంది. మనం ఇప్పుడు నొక్కిన కీ ప్రభావం ఆ వరస చివర చేరుతుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఆ వరసని ఒక్క ఫ్రేముకి కుదించాను. 14 ఫ్రేములకు వచ్చింది, అంటే సుమారు 58 మిల్లీసెకన్లు. టీవీ మీదే! వీసింక్ పూర్తిగా తీసేస్తే ఇంకా తగ్గుతుంది గానీ, బంతి వేగంగా వెళ్లేటప్పుడు బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. నాకది నచ్చలేదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాళ్లకు ఒక మాట. వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఫ్లిప్పర్ టక్కుమన్న శబ్దం వెనకబడి వినిపిస్తే, ఫ్లిప్పరే ఆలస్యంగా లేచిందని మెదడు నమ్మేస్తుంది. ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా వైరు ఇయర్‌ఫోన్స్‌తో ఒక ఆట ఆడి చూడండి.

కీబోర్డుతో ఆడేవాళ్లు ఇంకొకటి చేయాలి. చాలా పిన్‌బాల్ గేమ్‌లలో ఫ్లిప్పర్లకు ఎడమ షిఫ్ట్, కుడి షిఫ్ట్ వాడతారు. షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ స్టికీ కీస్ (షిఫ్ట్ లాంటి కీని పట్టుకోకుండానే పట్టుకున్నట్టు లెక్కించే సదుపాయం) పెట్టమంటారా అని అడుగుతుంది. కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ గురించి అడుగుతుంది. బంతిని కుడి ఫ్లిప్పర్ మీద ఆపి గురి చూసుకునేవాడు ఎనిమిది సెకన్లు పట్టుకోవడం మామూలే కదా. ఆట మధ్యలో ఆ పెట్టె పైకి లేస్తే బంతి పోయినట్టే. కంగారులో దానికి సరే అని కొట్టేస్తే ఇంకా ఘోరం, ఎందుకంటే ఫిల్టర్ కీస్ చేసే పనే చిన్న చిన్న నొక్కుళ్లను పట్టించుకోకపోవడం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిచి ఈ రెండింటి షార్ట్‌కట్‌లూ ఆపేయండి. అవసరం ఉన్నవాళ్లకు అవి చాలా మేలు చేసే సదుపాయాలే. అందుకే పూర్తిగా తీసేయనక్కర్లేదు, షిఫ్ట్‌తో మొదలయ్యే షార్ట్‌కట్ ఒక్కటి ఆపితే చాలు.

స్లో మోషన్ వీడియోలు రెండూ, లెక్కలతో సహా, సపోర్ట్‌కి పంపాను. మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరవమన్నాను, టీవీ గేమ్ మోడ్ గురించి వాళ్ల సహాయం పేజీలో ఒక్క వాక్యం చేర్చమన్నాను. ఇంకా జవాబు లేదు. ఈలోగా పోయిన స్కోర్లలో రెండు టేబుళ్లవి దాటేశాను. మూడోదాంట్లో మల్టీబాల్, అంటే ఒకేసారి ఒకటికి మించి బంతులతో ఆడే ఘట్టం, మొదలవగానే ఒక్క క్షణం బొమ్మ బిగుసుకుంటోంది. అది మొదటి రకం ల్యాగే. నీడలు తగ్గించి చూస్తాను.