గండికోట రాయి, తిప్పే ఫిల్టర్

కడప నుంచి గండికోటకు ఎప్పుడు బయలుదేరినా, కెమెరా సంచిలో పోలరైజర్ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించి, తిప్పుతూ తళుకును తగ్గించే అద్దం) ఉందో లేదో ముందు చూసుకుంటాను. అక్కడి ఎర్ర రాయి అసలు రంగు నాకు దానితోనే చిక్కింది.

ఒక అక్టోబరు పొద్దున, వాన వెలిశాక, పెన్నా లోయ అంచున నిలబడ్డాను. తడిసిన బండలు ఎర్రగా నిగనిగలాడాలి కదా, ఫోటోలో మాత్రం తెల్లగా పాలిపోయాయి. తడి మీద ఆకాశపు వెలుతురు తళుక్కుమనడమే అందుకు కారణం. ఫిల్టర్ బిగించి ముందు రింగును మెల్లగా తిప్పాను. పావు చుట్టు తిరిగేసరికి ఆ తెల్లదనం తేటపడి, రాతి పగుళ్లు, వాటిలోని నాచు, ఇటుక రంగు ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. ఇంకో పావు చుట్టు తిప్పితే మళ్లీ తెలుపే. కంప్యూటర్‌లో రంగు ఎంతైనా పెంచవచ్చు, కానీ తళుకు కప్పేసిన పగులు ఫైలులో ఉండనే ఉండదు.

ఆకాశం సంగతి వేరు. చూపుడు వేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలును దానికి అడ్డంగా నిలిపి, మణికట్టు తిప్పండి. బొటనవేలు చూపిన దిక్కులన్నిటా నీలం బాగా ముదురుతుంది. సూర్యుడు ఎదురుగానో వీపు వెనుకో ఉంటే ఎంత తిప్పినా పెద్ద తేడా కనిపించదు. చాలా వెడల్పు దృశ్యం పట్టే 16 మిల్లీమీటర్ల లెన్సుతో లోయ మొత్తం తీసినప్పుడు నాకు ఆకాశం మధ్యలో నల్లటి మచ్చ పడింది. అంత వెడల్పు ఆకాశంలో ప్రభావం అంతటా ఒకేలా ఉండదు. ఇప్పుడు ఆకాశం ఎక్కువగా ఉంటే 35 మిల్లీమీటర్లు దాటిన లెన్సుకే ఫిల్టర్ వాడుతున్నాను.

కోటలోని కత్తుల కోనేరు దగ్గర రింగును చివరిదాకా తిప్పకండి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తే తళుకు దాదాపు పూర్తిగా తెగిపోతుంది. ఆకాశం కాస్తయినా లేని నీరు నా కంటికి నీరులా అనిపించదు. సగంలో ఆపితే అడుగూ కనిపిస్తుంది, మీద వెలుగూ మిగులుతుంది.

కెమెరాను నిలువుగా పట్టుకున్న ప్రతిసారీ రింగును మళ్లీ సరిచూసుకోవాలి. కొనేటప్పుడు ‘సర్క్యులర్’ అనే రకమే (అది ఆకారం పేరు కాదు, ‘లీనియర్’ కాని రకం) అడగండి, లేకుంటే లోపల అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆటోఫోకస్ తడబడవచ్చు. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు కూడా ఇది మింగేస్తుంది; ఒక్కో స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం. సెకనులో 250వ వంతు షట్టర్ 60వ వంతు దాకా దిగుతుంది. అందుకే పొద్దు వాలి లోయలో నీడ నిండగానే దాన్ని విప్పి డబ్బాలో పెట్టేస్తాను.