నవ్వి నవ్వి చనిపోయిన నా బొమ్మ

సాయంత్రమయ్యేసరికి జ్వరం, పొడిదగ్గు, గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి పక్కన పోటు. వైరల్ జ్వరమని మా వీధి డాక్టరు మందులు మార్చి మార్చి ఇచ్చాడు. మంచం దిగలేని ఆ రోజుల్లో నాకు తోడు సిమ్స్ 4, మనుషుల బొమ్మలు చేసి వాళ్ల బతుకు నడిపించే కంప్యూటర్ ఆట. 2022 అక్టోబరులో దాని మూల ఆటను ఉచితం చేశారు కాబట్టి తమ్ముడు నా లాప్‌టాప్‌లో పెట్టిచ్చాడు. అందులో మా ఇల్లే కట్టాను. అమ్మ, తమ్ముడు, నేను. అక్కడి నేను దగ్గదు, మెట్లెక్కితే ఆయాసపడదు.

ఆ నేనే చనిపోయాను. టీవీలో హాస్య కార్యక్రమం చూసి, తమ్ముడితో జోకులు చెప్పుకుని, నవ్వు ఆపుకోలేక! ఆ ఆటలో ఉల్లాసం హద్దు దాటినా ప్రాణం పోతుంది. ప్రాణాలు తీసుకుపోయే నల్ల ముసుగువాడు వచ్చి, చేతిలోని టాబ్లెట్ మీద ఏదో నొక్కుకుంటూ నిలబడ్డాడు. ఇంట్లోవాళ్లు అతణ్ణి బతిమాలుకోవచ్చు, ఒక్కోసారి వింటాడు కూడా. అమ్మ బొమ్మ చేత బతిమాలించాను. సావిత్రి కథ వింటూ పెరిగినదాన్ని, వింటాడనే నమ్మాను. వినలేదు.

వెక్కి వెక్కి ఏడుస్తుంటే తమ్ముడు "సేవ్ చేయకుండా బయటికి వచ్చేస్తే బతికే ఉంటావక్కా" అన్నాడు. అమ్మ బొమ్మ అంతగా ప్రాధేయపడ్డాక అది జరగనట్టే చెరిపేయడానికి నాకు మనసొప్పలేదు. పెద్దమ్మ మాత్రం "బొమ్మ చచ్చిందని ఏడుపా? ముందు నీ ఒంటి సంగతి చూసుకోవే" అంది. ఈ ఆటను సృష్టించిన విల్ రైట్‌కు దీని ఆలోచన 1991లో అమెరికాలోని ఓక్లాండ్ అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయి, బతుకు మళ్లీ కూడగట్టుకునేటప్పుడే రూపుకట్టింది. అది ఉత్త బొమ్మలాట కాదని పెద్దమ్మకు ఎలా చెప్పను? అమ్మ ఏమీ అనలేదు. ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

ఆ రాత్రే ఊపిరి అందలేదు. దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వాలితే గాని గాలి ఆడలేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఎక్స్‌రే చూసిన డ్యూటీ డాక్టరు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఇంత ఆలస్యంగా తెస్తే మేమేం చేస్తాం? తెల్లారేదాకా ఉంటే చూద్దాం" అన్నాడు. నేను విన్నాను. అమ్మ కూడా విన్నది. స్టూలు మీద కూర్చుని నా కాలి మడమ పట్టుకుంది. ఆ పట్టు తెల్లవార్లూ వదల్లేదు. కళ్లు మూస్తే ముసుగువాడు, తెరిస్తే అమ్మ ముఖం. మూడో జాములో ఒక నర్సు వచ్చి, మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ గొట్టం సరిచేసి, "నీళ్లు తీస్తే ఊపిరి ఆడుతుంది తల్లీ, ఇలాంటివి ఎన్నో చూశాం" అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

పొద్దున్నే ఊపిరితిత్తి చుట్టూ చేరిన పసుపుపచ్చని నీళ్లు తీశారు. క్షయ అని తేలింది. ఆరు నెలల మందులు. మూత్రం నారింజ రంగులోకి మారితే హడలిపోయాం. అది ఆ మాత్రల గుణమేనని ఒక్కరైనా ముందు చెప్పి ఉండాల్సింది.

అక్కడ ఆటలో దయ్యమై తిరుగుతున్న నన్ను మళ్లీ కుటుంబంలో చేర్చుకున్నాను. అంబ్రోసియా అనే వంటకం తింటే దయ్యం తిరిగి మనిషవుతుంది. అది వండాలంటే గొప్ప వంటల్లో పదో మెట్టు చేరాలి, ఏంజెల్‌ఫిష్, యవ్వనాన్నిచ్చే మందు, మృత్యుపుష్పం సంపాదించాలి. ఇక్కడ అమ్మ రాగిజావ, కోడిగుడ్లు బలవంతాన తినిపిస్తుంటే, అక్కడ అమ్మ బొమ్మ చేత వంట నేర్పించాను. ఎంత కాలం పట్టినా దగ్గరి దారులు వెతకలేదు. బొమ్మ లేచి అన్నం తిన్న రోజు అమ్మను పిలిచి చూపించాను. దేవుడి గదికేసి తిరిగి దండం పెట్టింది.

రెండు నెలలకే ఒళ్లు తేలికపడుతుంది. అప్పుడు మాత్రలు మానేయకండి. క్షయ రోగుల పోషణకు ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి, అడిగి తీసుకోండి. మంచం మీదున్నవాళ్లు బొమ్మ కోసం ఏడ్చినా ఏడవనివ్వండి.

పెద్దమ్మ బత్తాయిలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్న రోజే ఆమె మీద కోపం పోయింది. ఆ డ్యూటీ డాక్టరును మాత్రం నేనింకా క్షమించలేదు. కన్నతల్లి వింటుండగా అలాంటి మాట అనకూడదని ఆయన పైవాళ్లయినా ఆయనకు చెప్పాలి.