మూడింటి మెలకువ

60 దాటినప్పటి నుంచి నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. కొండ మీద సుప్రభాత సేవ వేళకు నేనూ లేస్తున్నానని మా ఆవిడ వేళాకోళమాడుతుంది కానీ, పగలంతా కునికిపాట్లు పడేది నేనే కదా!

వయసుతో పాటు శరీరంలోని గడియారం ముందుకు జరుగుతుందనీ, గాఢనిద్ర తగ్గి చిన్న చప్పుడుకో మూత్రానికో ఇట్టే మెలకువ వస్తుందనీ డాక్టరు చెప్పిన తరువాత, రాత్రి ఎనిమిదిన్నరకే పక్క ఎక్కే నా అలవాటు కూడా ఒక కారణమని అర్థమైంది. లెక్క వేస్తే ఆరున్నర గంటల నిద్ర అప్పటికే అయిపోయినట్టే. ఇప్పుడు సాయంత్రం వెలుతురు ఉండగానే కపిలతీర్థం వైపు నడిచి వచ్చి, పదింటి దాకా మేలుకుంటున్నాను. మధ్యాహ్నపు కునుకును అరగంట దాటనివ్వను. రాగిసంగటి తిన్నాక అది ఎంత కష్టమో మా సీమవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మెలకువ వచ్చినా గోడ గడియారం వైపు చూడను. ఓ 20 నిమిషాలు పొర్లాననిపిస్తే లేచి, హాల్లో చిన్న బల్బు వేసుకుని, సెల్‌ఫోన్ ముట్టకుండా, పాత పంచాంగం తిరగేస్తూ కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకుంటాను. నిన్న నన్ను లేపింది పాలవాడి సైకిల్ గంట.